రాతబల్లలో నీళ్లు

"బల్ల కట్టు!" అని అరిచాను.

మామగారి రాతబల్లని తాళ్లతో పైకి లాగి దూలానికి కట్టండర్రా అని నా ఉద్దేశం. అక్టోబరు వాన హోరులో రెండు మాటల మధ్య సందు ఎవడికి వినబడుతుంది? వీధిలో వాళ్లకి "బల్లకట్టు!" అని వినబడింది. పావుగంటలో వీధి వీధంతా కోళ్లతో, పరుపులతో, ఒకావిడైతే కుట్టుమిషనుతో సహా నదిగట్టు మీద నిలబడింది, సర్కారువారు పంపిన బల్లకట్టు ఎక్కేసి మెరకకి పోదామని. బల్లకట్టు లేదు. మగ్దలేనా నది మాత్రం ఉంది. గట్టు మెట్లు ఒక్కొక్కటే మింగుతోంది, తనకేమీ తొందర లేదన్నట్టు.

తడిసిన జనం తిన్నగా మా గుమ్మానికే వచ్చారు. అందరికన్నా ముందు కాస్తులో. పడవవాడు, దోమినో ఆటలో నా జోడీ. వాడి కూతురికి నేను జ్ఞానతండ్రిని, అందుకని ఒకరినొకరు కొంపాద్రే అనుకుంటాం.

"కొంపాద్రే! నీ నోటికెప్పుడు పడుతుందయ్యా తాళం?"

"తాళం పడాలంటే ముందు పాట ఉండాలిగా, కొంపాద్రే."

"పాట మా ఆవిడ పాడుతోంది, వచ్చి విను. తడిసిన పరుపు నెత్తిన పెట్టుకుని మరీ పాడుతోంది. కొంప మునిగిందనుకున్నాం కదా!"

"ఇంకా లేదు. మునిగాక నేనే కబురు పెడతా."

అందరూ తిట్టారు. తిడుతూనే నవ్వారు. నా పేరు నెపొముసేనో, ఊరికి నెపో. మా ఊరు మొంపోస్‌లో ఏం జరిగినా నెపం నెపో మీదే పడుతుంది, అది నాకలవాటే. పాత కుర్చీలు, బీరువాలు బాగుచెయ్యడం నా వృత్తి. నా నోరు బాగుచేసేవాడే ఇంతవరకూ దొరకలేదు.

ఆ రోజు నవ్వనిది ఒక్కర్తే. మా ఆవిడ ఉబల్దీనా. రాతబల్లకి వీపు ఆనించి, రెండు చేతులూ బార చాపి నిలబడింది.

"దీన్నెవరూ ముట్టుకోవద్దు," అంది. "కట్టేది లేదు."

నది పొంగే ఏడు మా ఊళ్లో సామాను నేల మీద ఉండదు. మంచాలు, బస్తాలు, పునీతుల బొమ్మలు అన్నీ దూలాలకెక్కుతాయి. నవంబరులో ఏ ఇంట్లోకి తొంగిచూసినా కుర్చీలు గబ్బిలాల్లా వేలాడుతుంటాయి. అయితే రాతబల్లని ఎక్కించాలంటే ముందు ఖాళీ చెయ్యాలి. మహాగని చెక్క. కింద మూడు సొరుగులు, పైన అద్దాల అలమర, నడుమ ఏటవాలుగా ఒక పలక. ఆ పలకని దించితే అదే రాసుకునే పీట అవుతుంది, దాని వెనక కాగితాలకి చిన్న చిన్న గూళ్లుంటాయి. ఆ వాలుపలక తాళంచెవి ఏప్రిల్ నుంచీ ఉబల్దీనా మెడలో వేలాడుతోంది.

పలక తెరవకూడదని ఆవిడ పట్టు. తెరిస్తే ఏం కనబడుతుందోనని నా భయం. ఆ భయం ఎక్కడిదో చెప్పాలంటే ఏప్రిల్ నెలలో నేను చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి.

మా మామగారు దోన్ ఎలాదియో. రాయడం రానివాళ్లకి ఉత్తరాలు రాసిపెట్టేవారు. ప్రేమలేఖ, అర్జీ, పరామర్శ, ఏదైనా సరే ఆ బల్ల ముందు కూర్చుని నలభై ఏళ్లు ఊరి రాత రాశారు. నేనంటే ఆయనకి పడదు. "అల్లుడా, నీ మాటలకి రెండేసి అర్థాలుంటాయి, ఒక్కదానికీ విలువుండదు," అనేవారు. నేను ఛలోక్తి విసిరితే ఆయన రాత ఆపి, కలం గాలిలో పట్టుకుని, నేను ముగించేదాకా అలాగే ఉండేవారు. నవ్వేవారు కాదు. ఊరికే ఆగేవారు. నేను నోరు మూశాక కలం మళ్లీ కదిలేది.

ఆయన పోయాక తొమ్మిది రోజులు ప్రార్థనలు జరిగాయి. చనిపోయినవాళ్లకి దాహం ఎక్కువంటారు మావాళ్లు, అందుకని ఇంట్లో అమర్చిన ప్రార్థన పీఠం మీద గ్లాసుడు నీళ్లు పెడతారు. తొమ్మిదోనాటి సాయంత్రం పీఠం ఎత్తేసేటప్పుడు ఒకరు ఆ గ్లాసు పట్టుకుని గడప దాటి, నీళ్లు వీధిలో పోసెయ్యాలి. నోరెత్తకూడదు, వెనక్కి చూడకూడదు. నీళ్ల వెంట ఆత్మ వెళ్లిపోతుంది. అంతవరకూ ఆయన మనింటికి అతిథి. నీళ్లు పొయ్యకపోతే మాత్రం అద్దె కట్టకుండా ఉండిపోయే మనిషి.

ఉబల్దీనా గ్లాసు నా చేతిలో పెట్టింది. గుమ్మం దగ్గర కాస్తులో వాళ్లు దోమినో ఆడుతున్నారు. "ఏం కొంపాద్రే, పోయేముందు ముసలాయన నీ గురించి ఏమన్నాడేంటి?" అన్నాడు వాడు. నాలుక దురద పెట్టింది. నాకు రెండు చేతులూ ఆడితేగాని మాట ఆడదు. పక్కనే రాతబల్ల, పలక దించి ఉంది. గ్లాసు లోపల గూళ్ల దగ్గర పెట్టి, పలక ఎత్తి మూసి, చేతులూపుతూ కథ చెప్పాను. గుమ్మమంతా ఘొల్లుమంది.

ప్రార్థనలు చెప్పే ఒబ్దూలియా పెద్దమ్మ లోపలి నుంచి కేకేసింది: "పోశావా నాయనా?"

"పోయినాయన కోసం పోశాను పెద్దమ్మా!" అన్నాను. దానికీ నవ్వారు.

గ్లాసు సంగతి గుర్తొచ్చేసరికి ఉబల్దీనా పలకకి తాళం వేసేసింది. పొద్దున్న చెబుదామనుకున్నాను. చెప్పాల్సిన మాట ఒక రోజు ఆగితే ఊరుతుంది, ఒక నెల ఆగితే పులుస్తుంది, ఆరు నెలలాగితే సీసా మూత ఎవరు తీస్తారు?

ఇక అక్టోబరు. వాన ఆగలేదు. రెండింటి నుంచి నాలుగింటిదాకా మా ఊరు నిద్రపోతుంది. వానాకాలంలో ఆ వేళకి ఆకాశం నల్లబడి, గదిలో మనిషి మొహం మనిషికి ఆనదు. నేను ఉయ్యాల పక్కలో పడుకునేవాణ్ణి. ఉబల్దీనా కుర్చీ లాక్కుని బల్ల పక్కన కూర్చునేది. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో నా మాటకి ఆవిడ నవ్వని రోజు లేదు. ఏప్రిల్ నుంచి నవ్వలేదు. నాతో మాట్లాడేది, వడ్డించేది, కానీ పక్క గదిలో ఎవరో పిలుస్తారేమోనని ఒక చెవి అటు వేసి ఉంచినట్టుండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం చప్పుడు వినబడింది. గీరుతున్న చప్పుడు.

"చెదలు," అన్నాను పైకి.

ముప్ఫై ఏళ్లుగా చెక్కతో కాపురం చేస్తున్నాను, చెద సంగతి నాకు తెలుసు. చెద తిండిపోతు, ఊపిరి తీసుకోదు. ఇది అలా లేదు. గీరి, గీరి, ఆగింది. చిన్నగా టిక్కుమంది, గాజు అంచుకి ఏదో తగిలినట్టు. మళ్లీ గీరడం. సిరాబుడ్డిలో కలం ముంచే చెద ఎక్కడైనా ఉందా?

నేను దగ్గాను. చప్పుడు ఆగిపోయింది. మానలేదు, ఆగిందంతే. నేను కానిచ్చేదాకా ఎదురు చూస్తున్నట్టు ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. అప్పుడు మొదలైంది మళ్లీ. ఇన్నాళ్లూ మాటలతో ఆడుకున్నవాణ్ణి, వాలుపలక పలుకుతుంటే ఉయ్యాలలో లేచి కూర్చున్నాను.

"ఉబా, విన్నావా?"

"నాన్న పనిలో ఉన్నాడు," అంది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. "గట్టిగా మాట్లాడకు."

ఆ వారం కాస్తులో తాళ్లు, కప్పీలు తెచ్చి దూలానికి బిగించాడు, ఉబల్దీనా మనసు మారితే సిద్ధంగా ఉంటాయని. పోతూ పోతూ పలక మీద అరచెయ్యి వేసి, చటుక్కున తీసేసుకున్నాడు.

"కొంపాద్రే, ఇది వెచ్చగా ఉంది."

"మా మామకి వెచ్చాలంటే ఇష్టంలే."

"ఎగతాళి కాదయ్యా. ఇప్పుడే ఎవరో లేచి వెళ్లిన కుర్చీలా ఉంది. చూడు."

నేను చూడలేదు. చూడక్కర్లేదు కూడా. వానాకాలం వస్తే చెక్కకి ఒళ్లొస్తుంది. ఊళ్లో ఒక్క తలుపు సరిగ్గా పడదు, ఒక్క సొరుగు ఊడి రాదు. నా దుకాణం ముందు వరస కట్టేది అందుకే. మా ఇంటి రాతబల్ల సొరుగులు మాత్రం వేలితో లాగితే మార్చి నెలలోలా జారి వస్తున్నాయి. నదికి ఇరవై అడుగుల దూరంలో, ఒంటి మీద చొక్కా ఆరని రోజుల్లో, ఆ బల్ల ఒక్కటే పొడిగా, వెచ్చగా ఉంది. మామ మానులో ఉన్నాడు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వేవారు. నాకే నవ్వు రాలేదు.

నవంబరు పదో తారీకున నీళ్లు గడప దాటాయి.

మా వీధి వీధంతా అప్పటికి సంత బార్బరా గుడికి చేరింది. ఊళ్లో మెరక అంటే అదే. మా ఇంట్లోనూ అన్నీ దూలాలెక్కాయి. కింద మిగిలినవి రెండే, రాతబల్ల, దాని పక్క కుర్చీలో ఉబల్దీనా. ఆవిడ పాదాలు నీళ్లలో ఉన్నాయి. బల్ల కాళ్లూ నీళ్లలోనే ఉన్నాయి. కాస్తులో పడవ కిటికీ పక్కకి తెచ్చి నిలిపాడు. అందులో ఒబ్దూలియా పెద్దమ్మ గొడుగు కింద జపమాల తిప్పుతోంది.

"ఉబల్దీనా, రా అమ్మా," అంది పెద్దమ్మ. "సాయంత్రానికి మోకాలి లోతవుతుంది."

"నేను రాను."

"రేపటికి నడుం లోతు," అన్నాడు కాస్తులో. "ఎల్లుండికి పడవ కూడా రాలేదు."

"ఉబా," అన్నాను, "బల్లకేం కాదు. కట్టేస్తాం."

"బల్ల గురించి కాదు, నెపో." నా వైపు చూసింది. చాలా రోజులకి నేరుగా నా వైపే చూసింది. "నాన్నకి ఈత రాదు."

నిజమే. నది ఒడ్డున పుట్టి, డెబ్భై తొమ్మిదేళ్లు బతికి, ఒక్కసారి కూడా పడవెక్కని మనిషి. ఉత్తరాలే నదిలో ప్రయాణం చేసేవి, ఆయన చెయ్యలేదు. నీళ్లు ఆవిడ మడమల నుంచి పైకి పాకుతున్నాయి. ఆవిడ కదలదని నాకు అర్థమైంది. ఆ బల్ల దగ్గరే ఉండిపోతుంది, నీళ్లు ఎంతదాకా వస్తే అంతదాకా.

నేను నీళ్లలో మోకాళ్ల మీద కూర్చున్నాను. నా జీవితంలో మొదటిసారి ఒకే అర్థమున్న మాట మాట్లాడాను. ఆవిడకి మాత్రమే వినబడేలా.

"ఉబా, ఆ గ్లాసు నేను పొయ్యలేదు. లోపలే ఉంది."

ఆవిడ తన పాదాల వైపు చూసింది. తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు. మెడలోంచి తాళంచెవి తీసింది. దారం జుట్టులో చిక్కుకుంటే నేను విడదీశాను.

పలక దిగింది. గ్లాసు నేను పెట్టిన చోటే ఉంది. ముప్పావు వంతు నీళ్లు. మా ఊళ్లో మూడు రోజులు నిలవున్న నీళ్లలో దోమపిల్లలు ఈదుతాయి. ఏడు నెలల ఆ నీళ్లు ఇప్పుడే కుండలోంచి ముంచినట్టున్నాయి. గ్లాసు అంచు మీద తడిగా ఒక పెదవి గుర్తుంది. పక్కన కలం ఉంది. దాని పాళీ కూడా తడిగానే ఉంది.

కిటికీలోంచి ఒబ్దూలియా పెద్దమ్మ చూసి సిలువ గుర్తు వేసుకుంది. ఏమిటని అడగలేదు. ఆ పనిలో ముసలైపోయిన మనిషి.

"తియ్యి," అంది. "ఇప్పుడైనా పొయ్యి."

"ఎక్కడ పొయ్యను పెద్దమ్మా? గడప అవతలా నదే, ఇవతలా నదే."

ఆవిడ ఆలోచించింది. వీధిలో పొయ్యాలి, కానీ వీధి లేదు. "ఈత రాని మనిషిని నదిలో పోస్తే ఎలా? సముద్రందాకా కొట్టుకుపోతాడు. పొడినేల కావాలి. గుడి మెట్లలో పైవి ఇంకా పొడిగా ఉన్నాయి. చుక్క ఒలకకూడదు. నోరెత్తకూడదు. వెనక్కి చూడకూడదు. నీవల్ల అవుతుందా?"

తల ఊపాను. గ్లాసు రెండు చేతులా పట్టుకుని కిటికీలోంచి పడవలో దిగాను. నా వెనక నీళ్లు చప్పుడు చేశాయి. కుర్చీ జరిగింది. పడవ ఒకసారి ఊగింది, ఉబల్దీనా ఎక్కినట్టుంది. నేను చూడలేదు. తరవాత ఇంకోసారి ఊగింది.

కాస్తులో తెడ్డు ఎత్తి పట్టుకుని పడవ అంచు వైపు చూశాడు. "మనం నలుగురం," అన్నాడు నెమ్మదిగా. "ఇది ఐదుగురికి దిగినంత దిగింది."

"నడుపు," అంది పెద్దమ్మ.

డాబాల మీద ఇంకా కొంతమంది ఉన్నారు, సామాను కాపలాకి. నన్ను చూసి ఊరుకుంటారా?

"ఏం నెపో! ఊరంతా నీళ్లే కదయ్యా, గ్లాసులో పెట్టి ఎక్కడికి ఎగుమతి?"

"నదికి దాహమేసిందేమో, పట్టుకెళ్తున్నాడు!"

"నెపో నోరు మూసుకున్నాడ్రోయ్! అందుకే వరదొచ్చింది!"

ఆ వానాకాలమంతటికీ అవే మంచి ఛలోక్తులు. ఒక్కొక్కదానికీ నా దగ్గర రెండేసి జవాబులున్నాయి, నాలుక కొసమీద నిలబడి తోసుకుంటున్నాయి. మింగాను. గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాను. వాన ఒబ్దూలియా పెద్దమ్మ గొడుగు మీద పడుతోంది. పెద్దవీధి మలుపు తిరుగుతుండగా నా చెవి పక్కన ఒక గుటక వినబడింది. గ్లాసు ఊగలేదు. నా వేళ్లు పొడిగానే ఉన్నాయి. నీళ్లు మాత్రం ఒక వేలెడు తగ్గాయి.

నేను నోరెత్తలేదు.

గుడి మెట్లలో నాలుగు ఇంకా పొడిగా ఉన్నాయి. ఎక్కి, పై మెట్టు మీద పోశాను. ఇటుక అంతా పీల్చేసింది, మరకైనా నిలవలేదు. నా వెనక పడవ లేచిన చప్పుడైంది, బరువు దిగినప్పుడు లేచినట్టు. కాస్తులో ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని మా ఇంటికి వెళ్లి, రాతబల్ల దూలానికి కట్టి, గంటలో తిరిగొచ్చాడు.

"కొంపాద్రే, సొరుగులు ఒక్కటీ రాలేదు," అన్నాడు. "చెక్క ఊరి బిగుసుకుపోయింది. చల్లగా ఉంది, చేపలా. అలాగే కట్టేశాం."

అప్పటికి గుడిలో వీధంతా మా చుట్టూ మూగింది. ఏమిటా గ్లాసు, ఏమిటా ఊరేగింపు అని ఒకటే గోల. ఒబ్దూలియా పెద్దమ్మ జపమాల ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఏప్రిల్‌లో పోశానన్నావు. ఇప్పుడు చెప్పు, అందరూ వినేలా."

చెప్పాను. దోమినో ఆట, నాలుక దురద, పలక ఎత్తి మూసింది, పోశానని కోసింది, ఏడు నెలలు నోరు మూసుకున్నది, గ్లాసు అంచు మీద పెదవి గుర్తు, అన్నీ. ఎవరూ నవ్వలేదు. నాకు ఆ అనుభవం కొత్త.

"ఒక్క కథ చెప్పుకోడానికి ఒక ఆత్మని బోనులో పెట్టావా!" అంది కుట్టుమిషనావిడ.

"ఈ పిల్ల ఏడు నెలల్లో సగమైపోయిందయ్యా, నీ మూలాన," అంది ఇంకొకావిడ.

"గ్లాసుడు నీళ్లు పొయ్యడం చేతకాని మనిషికి పిల్లనిచ్చాడు ఎలాదియో, అందుకే నవ్వేవాడు కాదు," అన్నాడు ఎవరో వెనక నుంచి.

తల వంచుకున్నాను. నెపం ఈసారి సరైన చోటే పడింది మరి.

"అతన్నేమీ అనకండి," అంది ఉబల్దీనా.

గచ్చు మీద కూర్చుని పావడా అంచు పిండుకుంటోంది. తలెత్తలేదు.

"గ్లాసు అతని చేతిలో పెట్టింది నేను. మా చిన్నాన్న ఉన్నాడు, ఇద్దరు తమ్ముళ్లున్నారు. వాళ్లకిస్తే తిన్నగా వెళ్లి పోసేసేవాళ్లు. దారిలో నలుగురు కనబడితే చేతిలో పని మరిచిపోయే మనిషి ఈ ఊళ్లో ఎవరా అని చూసి మరీ ఇచ్చాను. మరిచిపోయాడు. చూశాను. వెళ్లి తాళం వేసేశాను." పావడా అంచు ఇంకోసారి పిండింది. "నాన్న వెళ్లడం నాకిష్టం లేకపోయింది. ఇవాళ బల్ల కాళ్లకి నీళ్లు తగిలాక తెలిసింది, నేనుంచుకుంటే మునిగిపోతాడని."

ఏడు నెలలు నేను మోసిన తప్పు నాది కాదని తేలింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ పక్కన గచ్చు మీద చతికిలబడ్డాను. నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్లు మంచులా ఉన్నాయి.

"మరి ఆ నీళ్లు?" అంది ఒబ్దూలియా పెద్దమ్మ. "అన్ని నెలలు అంత తేటగా?"

"నెపో దుకాణంలో ఉన్నప్పుడు రోజూ కొత్తనీళ్లు నేనే పోసేదాన్ని."

గుడి గుడంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంటనే అందరూ నవ్వారు. కాస్తులో తొడ చరుచుకున్నాడు.

"హమ్మయ్య! నీళ్లు పోసిందీ నువ్వే, తాగిందీ నువ్వేనన్నమాట! నా పడవ దిగిందీ గిగిందీ అంతా నా భయమే!"

ఉబల్దీనా పావడా పిండడం ఆపి వాడి వైపు చూసింది.

"పోసింది నేనే," అంది. "తాగింది నేను కాదు."